పాత డ్రైవర్, దుబాయ్ ముక్క

పాత కంప్యూటర్ కనిపిస్తే చదువుకున్నవాళ్ల చేతులు ఊరుకోవు. ఇన్నేళ్లు దుకాణంలో కూర్చుని చూసి అంటున్నాను ఈ మాట. కోరుట్లలో మా స్టూడియోకు పాస్‌పోర్టు ఫోటో దిగడానికి వచ్చిన పిల్లలు కూడా తల దువ్వుకుంటూ, తెరిచి ఉన్న తలుపులోంచి వెనక గదిలోకి తొంగి చూస్తారు. "ఆంటీ, ఇంకా గా డబ్బానే నడిపిస్తున్నరా? అప్‌డేట్ చెయ్యలేదా?" అంటారు. గిరాకీతో తగువు పెట్టుకుంటే దుకాణం నడవదు. అందుకని "తల కొంచెం ఎత్తు, భుజాలు దించు" అని నా పని నేను చేసుకుంటాను.

మాకు రెండు కంప్యూటర్లున్నాయి. ముందు గదిలోది కొత్తది. ఫోటోలు తీయడం, గల్ఫ్ పోయేవాళ్ల కాగితాలు స్కాన్ చేసి పంపడం దాని పని. అది పొద్దస్తమానం నెట్‌లోనే ఉంటుంది కాబట్టి ఏ అప్‌డేట్ అడిగినా కాదనను. వీధిలోకి తలుపు ఉన్న ఇంటికి గొళ్లెం గట్టిగా ఉండాలని నాకూ తెలుసు. వెనక గదిలోది పాతది. దానికి నెట్ ఇవ్వను. మా ఆయన భుజాన క్యాసెట్ కెమెరా వేసుకుని పెళ్లిళ్లకు తిరిగిన రోజుల్లో ఆయన తెచ్చిన క్యాసెట్లను ఆ కంప్యూటర్‌లోకి ఎక్కించి నేను మిక్సింగ్ చేసేదాన్ని. మిక్సింగ్ అంటే మాలో పెళ్లి వీడియోను కోసి, అతికించి, పాటలు వేసి, తలంబ్రాలు పోసేటప్పుడు తెర మీద గులాబీలు రాల్చే పని. మా ఆయన తీసింది పెళ్లి, నేను చేసింది సినిమా అని అప్పట్లో అందరి దగ్గరా చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు క్యాసెట్లు లేవు. మా ఆయన కూడా చిన్న కార్డుల కెమెరాతోనే పెళ్లిళ్లు తీస్తున్నాడు. అయినా ఎవరో ఒకరు బీరువా అడుగున దొరికిన పాత క్యాసెట్ పట్టుకుని నా దగ్గరికి వస్తూనే ఉంటారు. వాళ్ల కోసమే ఒక పాత కెమెరాను, ఆ కంప్యూటర్‌ను బతికించుకుంటున్నాను. దసరాకు రెండింటికీ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తాను.

కెమెరా వైరు వచ్చి కంప్యూటర్ లోపలి ఒక కార్డుకు తగులుతుంది. ఆ కార్డు చెప్పేది కంప్యూటర్‌కు అర్థమయ్యేట్టు చేసే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. ప్రింటర్‌కు ఒకటి, సౌండుకు ఒకటి, తెరకు ఒకటి, ఇట్లా లోపల ప్రతి సామానుకూ ఒక డ్రైవర్ ఉంటుంది. వాటి గురించి నా లెక్క మొదటినుంచీ ఒకటే. కొత్త సామాను తెచ్చి పెడితే దానికి తగ్గ డ్రైవర్ వేయాలి. సామాను మొరాయిస్తే డ్రైవర్ సంగతి చూడాలి. అదే కెమెరా, అదే క్యాసెట్, అదే పని, పైగా నెట్ కూడా లేదు. జ్వరమే లేనివాడికి మందెందుకు పోయాలి?

మా బిడ్డ ఈ లెక్క ఒప్పుకోదు. అది జగిత్యాలలో ఒక కాలేజీలో కంప్యూటర్లు చెప్తుంది. నా కోపం దానికి అచ్చు దిగింది. ఓపిక వాళ్ల నాన్నది, అది మాత్రం దిగలేదు. పోయిన దసరా సెలవుల్లో వచ్చినప్పుడు, నేను మెట్‌పల్లిలో చుట్టాలింటికి పోయి సాయంత్రం తిరిగి వచ్చేసరికి నా పాత కంప్యూటర్‌ను విప్పి నట్టింట్లో పరిచింది. అందులోంచి తీసిన దుమ్ము ఒక పేపరు మీద కుప్పగా ఉంది. లోపలున్నదంతా ఒక కొత్త డిస్కులోకి మార్చింది. ముందు గదిలోంచి పొడుగు వైరు లాగి నెట్ పెట్టింది. పాతబడిన డ్రైవర్లను వెతికి పట్టుకునే ప్రోగ్రాం ఒకటి దించింది. ఆ ప్రోగ్రాం నా కంప్యూటర్‌లో దాదాపు అన్నింటికీ ఎర్ర గుర్తులు పెట్టింది. పక్కింటివాళ్లు ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, మా బిడ్డ 'అన్నీ మార్చు' అనే బటన్ నొక్కింది.

"ఇప్పుడు చూడమ్మా, ఎట్ల ఉర్కుతుందో" అంది నన్ను చూడగానే.

"అదెందుకే ఉర్కాలె? దానికేమన్న బస్సు తప్పిపోతుందా?" అన్నాను.

"నీకు ఏం చేసినా గింతే."

పైకి అట్లా అన్నాను కానీ లోపల సంతోషపడ్డాను. నిజంగానే చురుగ్గా నడిచింది. స్పీకర్‌లో ఎప్పుడూ ఉండే గరగర కూడా పోయింది. నా మీద ప్రేమతో రోజంతా దుమ్ములో కూర్చుందని దానికి ఇష్టమైన సర్వపిండి చేసి పెట్టాను. నెట్ వైరు మాత్రం తీసేయమని చెప్పాను. తీసేసింది. సెలవులయ్యాక జగిత్యాలకు పోయింది. ఆ తర్వాత కొన్నాళ్లు క్యాసెట్ల గిరాకీ రాక, ఏం జరిగిందో నాకు తెలియలేదు.

సిరిసిల్ల నుంచి ఆమె వచ్చిన రోజు తెలిసింది.

నలభై దాటిన మనిషి. గుమ్మంలోంచి "అక్కా, క్యాసెట్లు ఎక్కిచ్చేది నువ్వేనా?" అంటే, ఫోటోకు కూర్చున్న అబ్బాయి ఉలిక్కిపడి కళ్లు మూశాడు. ఫోటో మళ్లీ తీయాల్సి వచ్చింది. భర్తకు సాంచాలున్నాయని చెప్పగానే ఆ గొంతు ఎక్కడిదో అర్థమైంది. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. పగలంతా ఆ చప్పుడు మీంచి మాట్లాడేవాళ్లు మెల్లగా మాట్లాడటం మర్చిపోతారు. కొంగుముడి విప్పి, రవిక గుడ్డలో చుట్టిన చిన్న క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టింది. పెట్టింది కానీ, దాని మీంచి చెయ్యి తీయలేదు.

"గిది నా పెండ్లిది. ఇందుల మా అమ్మ మాట్లాడుతది. నాకు ఇంకేం వద్దు, గా మాట గావాలె" అంది.

ఆమె పుట్టిల్లు పెగడపల్లి, తోడబుట్టినవాడు ఒక తమ్ముడు. తండ్రిది కల్లు గీసే కుటుంబం. చెట్టెక్కే మోకు పక్కన పెట్టి మస్కట్ పోయాడు. బిడ్డ పెళ్లికి రాలేకపోయాడు. జగిత్యాల నుంచి ఒక స్టూడియోవాళ్లు వచ్చి వీడియో తీశారు. ఇప్పుడా స్టూడియో లేదు.

ఇక్కడ మా పనిలో ఉండిన ఒక అలవాటు చెప్పాలి. మా వైపు పెళ్లంటే ఇంట్లో ఒక మగమనిషైనా దేశం మీద, అంటే గల్ఫ్‌లో ఉండి రాలేకపోయేవాడు. తండ్రో, అన్నో, మేనమామో. అందుకని పెళ్లి అయిపోయాక కెమెరా ఒకచోట నిలబెట్టి, చుట్టాలను ఒక్కొక్కరినే ముందుకు తెచ్చి, రాలేకపోయిన మనిషితో మాట్లాడించేవాళ్లు. 'ఇక్కడ అందరం బాగున్నాం, నువ్వు బాగుండు' అని ప్రతి ఒక్కరూ అదే చెప్పేవాళ్లు. దాన్ని మేము దుబాయ్ ముక్క అనేవాళ్లం. మనిషి సౌదీలో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా మాకది దుబాయ్ ముక్కే. అయితే మిక్సింగ్‌కు కూర్చోగానే మేమందరం చేసే మొదటి పని, మొత్తం క్యాసెట్‌లో సౌండు తీసేసి సినిమా పాటలు వేయడం. బ్యాండు మోత, జనరేటర్ మోత, పిల్లల గోల ఎవరు వింటారు? దుబాయ్ ముక్క మీద కూడా పాటే వేసేవాళ్లం. మొహాలు కనిపిస్తే చాలనుకునేవాళ్లం, చూసినవాళ్లూ ఏనాడూ అడగలేదు. ఇప్పుడు చెప్తుంటే ఎంత తెలివితక్కువ పనో అనిపిస్తుంది కానీ, అప్పుడు ఎవరికీ తోచలేదు.

ఆమె తల్లి కూడా అట్లాగే కెమెరా ముందు నిలబడి భర్తతో మాట్లాడింది. ఆ మాట మీద పాట పడింది. పాటలతో ఉన్న సీడీ ఊరివాడెవరో పట్టుకుపోయి మస్కట్‌లో తండ్రికి ఇచ్చాడు. గదిలో పదిమందితో కూర్చుని చూశాడు. భార్య పెదవులు కదులుతున్నాయి, వినిపించేది పాట. అందరిలా రెండు ముక్కలు చెప్పి పక్కకు తప్పుకోలేదామె. చాలాసేపు మాట్లాడింది. తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు అడిగాడు. "అందరన్నదే నేనన్న, పాత ముచ్చట ఇప్పుడెందుకు" అని నవ్వి ఊరుకుంది. మళ్లీ పోయాడు. పదేళ్లకు పైగా అక్కడే ఉండి, మోకాళ్లు చేతకాక వచ్చాడు. నిరుడు ఆమె చనిపోయింది.

"అప్పటిసంది బాపు గా సీడీ వెట్టుకొని అక్కడికి రాంగనే ఆపుతడు, మల్ల వెడ్తడు. 'మీ అమ్మ ఏమన్నదే?' అని నన్నడుగుతడు. నేనేం జెప్పాలె అక్కా? నన్ను అప్పుడు లోపట చీర మారుస్తుండ్రి. నేనెక్కడ విన్న?" అంది.

"ఆయన ఏమనుకుంటున్నడు?" అని అడిగాను.

"తిట్టిందనుకుంటుండు. బిడ్డ పెండ్లికి రానోడివి ఏం తండ్రివని తిట్టిందట. 'నన్ను తిట్టుకుంటనే పోయింది మీ అమ్మ' అంటడు. వచ్చేవారం ఏడాది దినం. నేను పటం ముందర నిలబడ, ఏ ముఖం వెట్టుకొని నిలబడాలె అని కూసున్నడు."

మామూలుగా పాటలు లేని అసలు క్యాసెట్లు స్టూడియోవాళ్లే ఉంచుకుని, వాటి మీదే ఇంకో పెళ్లి తీసేవాళ్లు. ఈ ఇంటి అదృష్టం, పెళ్లికి ఖాళీ క్యాసెట్లు తండ్రే మస్కట్ నుంచి పంపాడు. మా సొమ్ము మాకియ్యండని తల్లి అడిగి తీసుకుని, బిడ్డ పెట్టెలో బట్టల అడుగున పెట్టింది. బిడ్డ దాన్ని పట్టుకుని సిరిసిల్లలో, కరీంనగర్‌లో, జగిత్యాలలో తిరిగింది. ఎక్కడా దాన్ని నడిపే మిషను లేదన్నారు. పట్నం పంపమన్నారు.

"పంపిన్నంటే పోతే? నాకున్నది గిదొక్కటే" అంది.

క్యాసెట్ తీసుకుని వెలుతురులో చూశాను. లోపల రీలు అంచున తెల్లగా బూజు పట్టింది. ఒకసారి నడుస్తుంది. రెండోసారి నడుస్తుందని ఎవరూ చెప్పలేరు. నా కెమెరా ఆరోగ్యం కూడా అంతంతే. దాని పక్కతెర పోయింది, స్పీకర్ పోయింది, టీవీ వైరు పెట్టే సాకెట్ ఎప్పుడో ఊడిపోయింది. కన్ను ఆనించి చూసే చోట బొమ్మ కనిపిస్తుంది, మాట వినిపించదు. మిగిలింది కంప్యూటర్‌కు పోయే సన్నని వైరు ఒక్కటే. మాట బయటికి రావాలంటే దాంట్లోంచే రావాలి.

"కూర్చో చెల్లే, చాయ్ తాగు. సాయంత్రానికి ఇస్తా" అన్నాను. అంత ధీమాగా ఉన్నాను.

ఎవరి క్యాసెట్ అయినా సరే, ముందు నా సొంత క్యాసెట్ ఒకటి వేసి చూసుకున్నాకే వాళ్లది ముట్టుకుంటాను. ఆ రోజూ అట్లాగే చేశాను. కెమెరా నడుస్తోంది. కంటికి బొమ్మ కనిపిస్తోంది. కంప్యూటర్ మాత్రం ఉలకలేదు, పలకలేదు. వైరు తీసి పెట్టాను. కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. లోపలి సామాన్ల జాబితా తెరిచి చూస్తే కార్డు ఉంది, పక్కన లోపముందని చెప్పే పసుపు గుర్తు కూడా లేదు. 'ఈ సామాను బాగా పని చేస్తోంది' అని రాసి ఉంది. దానికన్నా నాకు కోపం తెప్పించిన మాట ఈ మధ్య ఇంకొకటి లేదు.

ఎర్ర గుర్తులు గుర్తొచ్చాయి. ఫోన్ చేశాను.

"నువ్వేం చేసినవే నా కంప్యూటర్‌ను?"

"క్లాసుల ఉన్నమ్మా, తర్వాత చేస్త."

"పిల్లలకు గదే పాఠం చెప్పు. మంచిగ నడిచేదాన్ని ఎట్ల ఆపాల్నో చెప్పు" అని పెట్టేశాను.

బయటివాళ్ల ముందు బిడ్డను అట్లా అన్నందుకు మా ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. "కెమెరా ముసలిదయింది గదా, అదే పోయిందేమో" అన్నాడు మెల్లగా. కెమెరా పోలేదు. పోతే బొమ్మ ఎట్లా కనిపిస్తుంది? మధ్యలో మాట చేరవేసేవాడు మారాడు. నాకది స్పష్టంగా తెలిసిపోయింది. ఎట్లా వెనక్కి తేవాలో మాత్రం తెలియలేదు.

ఆమె చాయ్ ముట్టకుండా నన్నే చూస్తోంది. "అక్కా, కాదా?" అంది.

"అయితది. ఆదివారం రా. మీ బాపును గూడ తోలుకరా" అన్నాను.

ఆమె క్యాసెట్‌ను మళ్లీ గుడ్డలో చుట్టి, కొంగున ముడేసుకుని బస్సెక్కింది. నేను గట్టిగానే చెప్పాను కానీ, ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఆ ముసలాయన పటం ముందు నిలబడటం, నిలబడకపోవడం ఈ డబ్బా మీద ఆధారపడి ఉంది. నేను దగ్గర లేనప్పుడు దాన్ని ముట్టుకుంది నా బిడ్డే.

ఆదివారం పొద్దున్నే జగిత్యాల బస్సులో వచ్చింది మా బిడ్డ. చెప్పులు విప్పకముందే వాదం మొదలైంది.

"అమ్మా, డ్రైవర్లు పాతగ ఉంచుకుంటే ప్రమాదం. దాండ్ల ఉన్న లోపాలు సరిచేసే గదా కంపెనీలు కొత్తయి ఇచ్చేది. ఊర్కెనె ఇస్తయా?"

"ఇస్తరు. కొత్త సామాన్లు కొన్నోళ్లకు ఇస్తరు. నా కెమెరా చేసినోళ్లు దాన్ని మర్చిపోయి ఎన్నేండ్లాయె. దాని కోసం కొత్తగ రాసేటోడు ఎవడున్నడు?"

"స్పీకర్ గరగర పోయింది గదా. గది నా అప్‌డేట్ తోనే పోయింది."

అది నిజమే. "రోగమున్నదానికి మందేసినవు, మంచిగైంది. రోగం లేనిదానికి గూడ ఎందుకేసినవు?" అన్నాను.

ఇద్దరం వెనక గదిలో కూర్చున్నాం. మార్చిన డ్రైవర్‌ను వెనక్కి తిప్పే బటన్ ఒకటి ఉంటుందట. దాన్ని తెరిస్తే ఆ బటన్ మసకగా ఉంది, నొక్కనివ్వలేదు. "సిస్టమ్ మొత్తం తుడిచి మల్ల వేద్దాం" అంది మా బిడ్డ. మిక్సింగ్ ప్రోగ్రాం ఉన్న సీడీ ఎప్పుడో పాడైపోయింది. తుడిస్తే అది మళ్లీ దొరకదు.

"తుడువనియ్య. నువ్వు లేచి పో కావాల్నంటే" అన్నాను.

అది లేవలేదు. కార్డు పేరు మీద వేలు పెట్టి, "మరి నువ్వు చెప్పు. ఇంతకుముందు గీడ ఎట్లుండె?" అంది. కోపంగానే అడిగింది కానీ, అడగాల్సిన ప్రశ్న అదే. ఇన్నేళ్లుగా ప్రతి క్యాసెట్‌కు ముందు ఆ జాబితా తెరిచి చూసుకోవడం నా అలవాటు. ఆ పేరు నా కళ్లకు అలవాటైన పేరు. ఇప్పుడది పొట్టిగా ఉంది.

"చివరల బ్రాకెట్ల ఇంకో మాట ఉండేది. లెగసీ అని" అన్నాను.

మా బిడ్డ నా మొహం చూసింది. "గది ముందుగాల చెప్పొద్దా అమ్మా?"

"నువ్వడిగితే గదా."

లెగసీ అంటే పాతకాలపు సామాన్ల కోసం అట్టే ఉంచేసిన డ్రైవర్ అని చెప్పింది. కొత్తది పైన వచ్చి కూర్చుంటుందట, పాతది మాత్రం ఎక్కడికీ పోదట. అడిగేవాళ్లు లేక లోపలే పడి ఉంటుందట. ఒకదాని వెనక ఒకటి కిటికీలు తెరుచుకుంటూ పోయింది. నెట్‌లో వెతకమంటావా అని కంప్యూటర్ అడిగితే వద్దంది. లోపలున్న జాబితాలోంచి నేనే ఎంచుకుంటానంది. చివరి కిటికీలో రెండు పేర్లు కనిపించాయి. పొట్టి పేరు, దాని కింద నాకు తెలిసిన పొడుగు పేరు. పొడుగు పేరు నొక్కగానే కంప్యూటర్ ఇది మంచిది కాదేమో, ఆలోచించుకో అని హెచ్చరించింది.

"నొక్కు" అన్నాను.

నొక్కింది. నేను కెమెరా వైరు పెట్టాను. టింగుమని చప్పుడు వచ్చింది. తెర మీద నా కెమెరా పేరు, దాని కింద నా సొంత క్యాసెట్‌లోని ఎవరిదో పెళ్లి, బ్యాండు మోత. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ కిటికీల దాకా నేను పోయేదాన్ని కాదు. నేను పక్కన లేకపోతే అది మొత్తం తుడిచేసేది. ఈ రెండు మాటలూ ఇద్దరం పైకి అనలేదు, అనేంత మంచితనం మా ఇంట్లో ఆడవాళ్లకు లేదు.

"మిగిలినయి గూడ అన్ని పాతయి చెయ్యాల్నా?" అని అడిగింది.

"ఎందుకు? సౌండుది మంచిగనే ఉన్నది. ముట్టకు. నీ ఎర్ర గుర్తుల ప్రోగ్రాంను మాత్రం తీసిపారెయ్" అన్నాను. తీసేసింది. ఇంకెప్పుడైనా ఏదైనా మార్చాలంటే ఒక్కొక్కటే మార్చి, కెమెరా పెట్టి చూసుకుని, ఆ తర్వాతే ఇంకోదాని జోలికి పోవాలని ఇద్దరం ఒప్పుకున్నాం. మా ఇద్దరి మధ్య ఒప్పందం కుదరడం మా ఆయనకు ఎంత వింతగా అనిపించిందంటే, తానే లేచి చాయ్ పెట్టాడు.

మధ్యాహ్నానికి తండ్రీ బిడ్డా వచ్చారు. ఆమె సిరిసిల్ల నుంచి ముందు పెగడపల్లి పోయి, ఆయనను తీసుకుని జగిత్యాలలో బస్సు మారి వచ్చింది. పెద్దాయన పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాల. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని, పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నాడు. నమస్తే అన్నాడు, అంతే. బిడ్డ మాత్రం "బాపు రానంటే రానన్నడక్కా, గుంజుకొచ్చిన" అని వీధంతా వినపడేట్టు చెప్పింది.

ఫ్యాన్ ఆపించాను. కెమెరాలో రీలు తగిలే హెడ్‌ను శుభ్రం చేసుకున్నాను. ఇంక చేయగలిగింది ఏమీ మిగలలేదు. క్యాసెట్ పెట్టి నొక్కాను. ఒకవైపు తెర మీద నడుస్తుంటే ఇంకోవైపు కంప్యూటర్‌లోకి ఎక్కుతోంది. అదే పాటలు లేని పెళ్లి. బ్యాండు మోత, జనరేటర్ మోత, ఏడుస్తున్న పసిపిల్ల, "అన్నం కాడ కూర అయిపోయింది" అని ఎవరో కేకేయడం, అంతా వినిపిస్తోంది. ఇవన్నీ మేము కోసి పారేసిన చప్పుళ్లు. అవి వింటుంటే పెళ్లింట్లో నిలబడ్డట్టే ఉంది.

దుబాయ్ ముక్క మొదలైంది. పెద్దాయన తమ్ముడు వచ్చి "మంచిగున్నమన్నా" అన్నాడు. బావమరిది వచ్చి అదే అన్నాడు. అంతలో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోయింది. మా బిడ్డ నా చెయ్యి పట్టుకుంది. చూస్తుండగానే గళ్లు కదిలి, మెల్లగా ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఈసారి తెర మీద ఆమె ఉంది.

పట్టుచీర, పెద్ద బొట్టు, మొహమంతా చెమట. వెనక నుంచి ఎవరో "మాట్లాడు వదినే" అని తోశారు. అందరికీ వినిపించేట్టు, "బిడ్డ పెండ్లి మంచిగైంది. అందరచ్చిండ్రు. నువ్వేం రంది వెట్టుకోకు" అంది. కెమెరా పట్టుకున్నతను "అయిపోయిందా అమ్మా?" అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వెనక్కి తిరిగి చూసుకుంది. ఎవరూ వినడం లేదని తేల్చుకుని, కెమెరాకు బాగా దగ్గరగా వచ్చింది. గొంతు తగ్గించింది. స్పీకర్‌లో గరగర లేదు కాబట్టి ప్రతి మాటా వినిపించింది.

"ఇంటున్నవా? బిడ్డ అత్తగారింటికి పోతుంది. పోరగాడు హాస్టల్ల ఉన్నడు. రేపటిసంది ఇంట్ల నేనొక్కదాన్నే. నువ్వు పంపింది సాలు. సామాన్లు సాలు, పైసలు సాలు. ఫోన్‌ల చెప్తమంటే ఎన్క పదిమంది నిలవడుతరు. అందుకే గీడ చెప్తున్న. ఇగ వచ్చెయ్. వస్తవా?"

అని కెమెరాలోకి చూస్తూ ఆగింది. జవాబు వస్తుందేమోనన్నట్టు కొంచెంసేపు అట్లాగే చూసింది. తర్వాత తనకే నవ్వొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకుంది.

పెద్దాయన మోకాళ్ల మీద చేతులు అట్లాగే ఉన్నాయి. సిరిసిల్ల ఆమె మొదటిసారి మెల్లగా మాట్లాడింది. "తిట్టలే బాపూ" అంది.

"తిట్టలే" అన్నాడు ఆయన. "నేనొచ్చి అడిగిన గదా. అడిగితే చెప్పకపాయె. చెప్తే ఉండిపోదును" అన్నాడు.

నాకు దుఃఖం ఆగలేదు. దుఃఖం కన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఎవరి మీద పెట్టాలి ఆ కోపం? జగిత్యాల స్టూడియోవాళ్లు వేయకపోతే ఆ పాట నేనే వేసేదాన్ని. ఆమె తర్వాత ఎందుకు చెప్పలేదో నాకు అర్థమైంది. ఆ మాట ఒకసారి అనడానికి ఎంత ధైర్యం కూడగట్టుకుందో తెర మీద కనిపిస్తూనే ఉంది. అది పాట కింద పోయిందని తెలిశాక, మళ్లీ అడగడానికి మనసు రాలేదు.

పెద్దాయన నా వైపు తిరిగాడు.

"మల్లొకసారి వెట్టు బిడ్డా. క్యాసెట్ ఖరాబైతదా?"

"ఇగ కాదు పెద్దయ్యా. కంప్యూటర్ల ఎక్కింది. ఎన్నిసార్లన్న వెడ్త" అన్నాను.

ఆమె కెమెరా దగ్గరికి వచ్చే చోటు నుంచి పెట్టాను. ఆయన బల్లను పట్టుకుని లేచి, తెరకు దగ్గరగా వచ్చి నిలబడ్డాడు. ప్రతి మాటకూ తల ఊపుతూ విన్నాడు. "వస్తవా?" అని ఆమె ఆగి చూస్తుంటే, భుజం మీది తువ్వాల తీసి చేతిలో పట్టుకుని, "వస్త. వచ్చేస్త తియ్" అన్నాడు.